జానెడు రీలు పట్టుకుని కొల్లేటికి

ప్రయాణానికి కారణం ఒక పోస్టు కవరు. లోపల అరఠావు ఉత్తరం, దాని మడతలో జానెడు క్యాసెట్ రీలు. రాసింది కరుణమ్మ గారని, కొల్లేటి లంకలో చిన్నపిల్లల బడి టీచరు. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. "అయ్యా, మీ షాపు ముద్ర ఉన్న క్యాసెట్ల రీలు మా ఊరి చేపల చెరువు మీద కట్టారు. గూడబాతు పిల్లలకి అది చుట్టుకుంటోంది. రెండు చచ్చిపోయాయి. మిగతావి పది రోజుల్లో గూళ్లు దిగుతాయి. మీరొకసారి వచ్చి చూస్తే బాగుంటుంది" అని నాలుగు ముక్కలు రాశారు. తిట్టు ఒక్కటీ లేదు. తిట్టి ఉంటే నేనూ కోపం తెచ్చుకుని ఊరుకునేవాణ్ణి.

నాది రాజమండ్రిలో క్యాసెట్లు రికార్డు చేసే షాపు. ఇరవై ఏళ్లు పెళ్లిళ్లకీ, భజన బృందాలకీ, చర్చి పాటలకీ నేనే రికార్డు చేశాను. సీడీలు వచ్చాక షాపులో ఈగలు తోలుకుంటున్నాను. కిందటి దసరా తర్వాత ఆకివీడు వైపు నుంచి భూషణం గారనే చేపల చెరువు రైతు వచ్చి, అలమారలో ఉన్న పాత క్యాసెట్లన్నీ కావాలన్నారు. "పాటలకి కాదండి, పక్షులకి" అన్నారు. చెరువు మీద రీలు లాగి కడితే గాలికి గుయ్యిమని మోగుతుందట, ఎండకి తళతళమంటుందట, పక్షి దిగడానికి జంకుతుందట. అది లేకపోతే తుపాకీ మనిషిని పెట్టాలట. నా నోరు ఊరుకుంటుందా! "తుపాకీ కన్నా నయం కదండీ, ప్రాణం తీసిన పాపం ఉండదు" అన్నాను. అంతటితోనైనా ఆగానా? అరవై నిమిషాల క్యాసెట్లో రీలు మందం, తొంభై నిమిషాల దాంట్లో సన్నం, సన్నదైతే పుటుక్కున తెగదు, సాగుతుంది, బాగా మోగుతుంది, గెడకీ గెడకీ మధ్య ఒక మెలి పెట్టి రెండు వరసలు కట్టండి అని పాఠం చెప్పాను. చెప్పి, ఏరి ఏరి తొంభై నిమిషాలవే రెండు గోతాలు నింపి ఇచ్చాను. పక్షులకి పుణ్యం చేశానని ఇంటికెళ్లి మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

కవరులో వచ్చిన ముక్కని పారెయ్యలేకపోయాను. వృత్తి అలవాటు కదా, ఖాళీ క్యాసెట్ డొల్లలో అతికించి ఆడించాను. జానెడు రీలంటే నాలుగు సెకన్లు. ముందు గరగర, ఆ వెనక ఓ గొంతు: "...మా షాపులోనే, రాజమండ్రి." ఆ గొంతు నాదే. ప్రతి క్యాసెట్ చివరా నా షాపు పేరు నేనే చెప్పి రికార్డు చేసేవాణ్ణి. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ అదే మాట. సాయంత్రం దాకా కాలుగాలిన పిల్లిలా షాపులో అటూ ఇటూ తిరిగాను. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. "వెళ్లి రండి బాబూ, వెళ్లకపోతే మీరు పడుకోరు, నన్ను పడుకోనివ్వరు" అంది మా ఆవిడ.

ఫిబ్రవరి చివరి ఆదివారం. పొద్దున్న ఆరుంపావుకి భీమవరం మీదుగా వెళ్లే ప్యాసింజరు ఎక్కాను. చేతిసంచిలో మంచినీళ్ల సీసా, తువ్వాలు, రీలు అతికించే బ్లేడు, చిన్న కత్తెర, రెండు ఖాళీ గోతాలు ఉన్నాయి. గోతాలు ఎందుకు పెట్టుకున్నానో అప్పటికి నాకే సరిగ్గా తెలియదు. బ్రిడ్జి మీద అందరూ గోదావరిలోకి బిళ్లలు విసురుతుంటే అలవాటు ప్రకారం నేనూ రూపాయి విసిరాను. ఏం మొక్కుకోవాలో తోచక, రైలు త్వరగా వెళ్తే చాలనుకున్నాను. గోదారమ్మ ఆ రోజు వేరే పనిలో ఉన్నట్టుంది. నిడదవోలులో క్రాసింగ్ అని ముప్పావుగంట ఆపేశారు. దిగాను, టీ తాగాను, ఎక్కాను, మళ్లీ దిగాను. ఎదురు సీటు పెద్దాయన నన్ను చూసీ చూసీ, "మీరు దిగితే బండి కదలదండీ, డ్రైవరు వేరే ఉన్నాడు" అన్నాడు. బోగీ అంతా నవ్వింది. నేనూ నవ్వి కూర్చున్నాను గానీ కాలు ఊపడం ఆపలేదు.

తణుకులో పంచదార ఫ్యాక్టరీ డ్యూటీ దిగినతను ఒకడు పక్కన కూర్చున్నాడు. బట్టలనిండా మడ్డి వాసన. ఎక్కడికని అడిగాడు. కొల్లేటికన్నాను.

"పరజ తినడానికా అండీ?"

పరజలంటే చలికాలం వచ్చే అడవిబాతులు. వాటిని కొట్టి చాటుగా వండిపెట్టే చోట్లు ఆ చుట్టుపక్కల ఉన్నాయని నేనూ విన్నాను. "కాదు, గూడబాతుల్ని చూడ్డానికి" అన్నాను.

"చూసి ఏం చేస్తారండీ, అది తినడానికి పనికిరాదు. ఒట్టి నీచు!" అని, నామీద జాలిపడి, కాసేపటికి నిద్రపోయాడు.

అత్తిలి, భీమవరం, ఉండి దాటి పదింపావుకి ఆకివీడులో దిగాను. స్టేషను బయట పాక హోటల్లో ఉప్మా పెసరట్టు బాగుంది. అల్లం చట్నీ మరో విడత అడిగినా మొహం మాడ్చుకోలేదు. టీతో కలిపి పది రూపాయలు. వెళ్లేవారు అక్కడే కడుపునిండా తినాలి, ఆ పైన సాయంత్రం దాకా ఏమీ దొరకదు. పదిన్నర బస్సు పదకొండుకి కదిలింది. బస్సు నిండా మేత బస్తాలు, వలలు, ఆదివారం బజారు నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్లు.

నేను కిటికీలోంచి మెడ చాచి చూస్తూనే ఉన్నాను. రెండు పక్కలా చేపల చెరువులే. ఒక గట్టు అయిపోతే ఇంకో గట్టు. చెరువుల మీద నీళ్లు చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి, గట్ల మీద మోటారు షెడ్లు. అరగంట గడిచింది. ఉండబట్టలేక కండక్టర్ని అడిగాను, "బాబూ, కొల్లేరు ఇంకెంత దూరం?"

అతను టికెట్లు చించుతూ, "మనం కొల్లేట్లోనే వెళ్తున్నామండి" అన్నాడు.

బస్సులో ఉన్న ఒక మామ్మ అందుకుంది. "మా పెళ్లయిన కొత్తలో ఇక్కడ పడవలో వచ్చాను నాయనా. ఇదంతా నీళ్లే. కలువపూలు చేత్తో కోసుకునేదాన్ని. ఇప్పుడు బస్సొచ్చింది, కొల్లేరు పోయింది." ఆ ముక్క చెప్పి సంచిలోంచి శనగలు తీసి నాకిన్ని పెట్టింది. బస్సు రావడం ఆవిడకి సంతోషమో, కొల్లేరు పోవడం దుఃఖమో నాకు తెలియలేదు. రెండూ అయ్యుండాలి.

రోడ్డు ఒక కాలవగట్టు దగ్గర ఆగిపోయింది. ఊరి పేరు రాయను. రాయొద్దని టీచరు గారు అడిగారు, పరజల వేటగాళ్లకి దారి చూపినట్టవుతుందని. రేవులో తాటి దోనెలో ఒకతను గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి, నల్లగా, సన్నగా ఉన్నాడు, మెడలో తువ్వాలు. టీచరమ్మ పంపిందన్నాడు. పేరు ఏడుకొండలు. భూషణం గారి చెరువుకి కాపలా మనిషట. ఆ రీలు కట్టిన చెయ్యి ఇతనిదే అన్నమాట.

"మీరు ఫారెస్టోళ్లాండీ?"

"కాదయ్యా. రాజమండ్రిలో క్యాసెట్ షాపు."

గెడ వెయ్యడం ఒక్క క్షణం ఆపాడు. "ఆయ్! మెలి పెట్టి కట్టమంది తమరేనా!" అన్నాడు. అందులో వెటకారం లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

దోనె ముందుకు పోతుంటే నాకు అసలు కొల్లేరు కనిపించింది. నీళ్లు మాత్రం కనిపించలేదు. అంతా గుర్రపుడెక్క, ఆకు మీద ఆకు, ఊదారంగు పువ్వు. అవతల కిక్కిస గడ్డి, మనిషికి రెండింతల ఎత్తున. దోనె పట్టేంత సందు చేసుకుని ఏడుకొండలు డెక్కని గెడతో పక్కకి నెడుతున్నాడు. వెనక్కి చూస్తే ఆ సందు మళ్లీ మూసుకుపోతోంది.

గూడబాతుకి, అదే పెలికాన్‌కి, ఆ పేరెందుకొచ్చిందని అడిగాను. "గూడ వేస్తదండి మరి" అన్నాడు. రెండు పక్కలా తాళ్లు కట్టి, ఇద్దరు మనుషులు చెరోవైపూ పట్టుకుని కాలవలో నీళ్లు చేలోకి తోడే చేదని మా వైపు గూడంటారు. ఇంజన్లు వచ్చాక అది మూలపడింది. "దీని ముక్కు కింద సంచి ఉంటదండి. నీళ్లలో ముంచి ఎత్తుతుంది. నీళ్లు కారిపోతాయి, చేప మిగులుద్ది. గూడెయ్యడానికి మనకి ఇద్దరు కావాలి. ఇది ఒక్కత్తే యేసుకుంటది" అని ముసిముసిగా నవ్వాడు. చేపలు తినే పక్షిని తోలే మనిషి దాని గురించి అంత మురిపెంగా చెప్పడం విచిత్రంగా అనిపించింది.

గట్టు మీద కరుణమ్మ గారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. చర్చి అయిపోగానే వచ్చేశారు. తెల్ల చీర అంచులకి అప్పుడే బురద. యాభైకి దగ్గరపడ్డ మనిషి. నమస్కారం పెట్టి, "వస్తారో రారో అనుకున్నానండి" అన్నారు.

"రాకపోతే మా ఇంట్లో ఎవరికీ నిద్రలుండవండి" అన్నాను. ఆవిడ నవ్వారు. ఆ వెంటనే చెరువు వైపు చెయ్యి చూపించారు.

చెరువు చాలా పెద్దది. నాలుగు పక్కలా గట్టుకి కాస్త ఎడంగా నీళ్లలో వెదురు గెడలు పాతి, వాటి మధ్య రెండు వరసల రీలు కట్టారు. గాలి వచ్చినప్పుడల్లా గుయ్యిమంటోంది. ప్రతి రెండు గెడల మధ్యా ఒక మెలి, నేను చెప్పినట్టే. ఇంత శ్రద్ధగా నా మాట విన్నవాళ్లు మా ఇంట్లో కూడా లేరు. తూర్పు గట్టు అవతల, డెక్క మధ్యలో, నీటిలో నిలిచిన తుమ్మచెట్లు. వాటి మీద గూళ్లు, గూళ్లలో పిల్లలు. పిల్లలంటే చిన్నవి అనుకున్నాను. ఒక్కోటి మేకపిల్లంత ఉంది. రెక్కలు విప్పుతాయి, నాలుగుసార్లు కొడతాయి, కొమ్మ ఊగగానే భయపడి ముడుచుకుంటాయి. మళ్లీ విప్పుతాయి. ఒక్క క్షణం నిలకడ లేదు. నాకు సరిజోడు.

"వీటికి చెట్టు మీంచి ఎగరడం చేతకాదండి, ఒళ్లు బరువు" అన్నారు టీచరు గారు. "నీళ్లలో దిగి, నీటి మీద పరుగెత్తి పరుగెత్తి లేవాలి. పరుగెత్తడానికి నీళ్లేవీ? కొల్లేరంతా డెక్క పట్టేసింది. డెక్క లేని తెరిపి నీళ్లున్నది భూషణం గారి చెరువులోనే. అందుకని గట్టెక్కి ఇటే దిగుతాయి. దిగి పరుగు మొదలెట్టగానే రీలు."

మొదట దిగిన రెండింటికీ అదే అయిందట. రెక్కకి చుట్టుకుని, విదిలించుకునే కొద్దీ బిగిసి, మర్నాటికి తేలాయి. మందం రీలైతే తెగిపోయి ఉండేది. సన్నది కదా, సాగుతుంది. ఆ సంగతి అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేనే చెప్పాను వాళ్లకి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అనిపించింది, అయినా పట్టుకోక తప్పదు కదా.

పన్నెండున్నరకి భూషణం గారు మోటారు సైకిల్ మీద గట్టు వెంట వచ్చారు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. "రండి రండి సూరిబాబు గారూ! మీ రీలు బెస్టండి! ఇంకో రెండు గోతాలు కావాలి, ఉన్నాయా?"

"లేవండి. ఇచ్చింది పట్టుకుపోదామని వచ్చాను."

ఆయన నవ్వబోయి, నవ్వు సగంలో ఆపేశారు. "అదేంటండీ! కట్టమన్న నోటితోనే ఆ మాటా!"

"ఆ నోరే తప్పు చెప్పిందండి. తుపాకీ కన్నా నయం అన్నాను. తుపాకీ అయితే ఒక్క దెబ్బకి పోతుంది. దీనికి రాత్రంతా పట్టింది" అన్నాను. సిగ్గేసింది.

భూషణం గారు చెడ్డ మనిషి కాదు, అది రాసి తీరాలి. తువ్వాలుతో మెడ తుడుచుకుని గట్టు మీద కూర్చున్నారు. "చేప పిల్ల వేసి నెల కాలేదండి. గూడబాతు మంద దిగిందంటే నా చెరువు ఊడ్చేసినట్టే. నేనేం చెయ్యను? చెరువు తవ్వకముందు ఇక్కడ వరి ఎన్నిసార్లు మునిగిందో టీచరు గారిని అడగండి."

"నిజమేనండి" అన్నారు కరుణమ్మ గారు. "నేను కాదనను. పది రోజులండి. తూర్పు వైపు తెరిపి ఉంటే చాలు. అవి ఎగరడం వచ్చాక ఇక్కడెందుకు ఉంటాయి?"

"నా చెరువు వాటికి రన్‌వే అన్నమాట!"

"అవునండి" అన్నారు ఆవిడ, తడుముకోకుండా.

తవుడు నింపిన చిల్లుల సంచులు గెడలకి వేలాడుతున్నాయి, కింద చేపలు పొడుచుకు తింటుంటే అవి కదులుతున్నాయి. నేను గట్టు మీద నాలుగడుగులు అటూ, నాలుగడుగులు ఇటూ వేస్తున్నాను. చివరికి ఏడుకొండలు మెడలో తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు.

"నేను కట్టిందే కదండీ. నేనే ఇప్పుతాను. పగలంతా ఈ తూర్పు గట్టు మీదే ఉంటాను. రేకు డబ్బా వాయిస్తాను. పెద్దది దిగితే కొడతా, పిల్ల దిగితే ఊరుకుంటా."

"పెద్దదేదో పిల్లేదో నోట్లో పడే చేపకి తెలుసా?" అన్నారు భూషణం గారు. లేచి బండి స్టార్టు చేశారు. "తూర్పు పక్క ఒక్కటే. మిగతా మూడు పక్కలా రీలు ముట్టుకోడానికి వీల్లేదు. చెరువు పట్టుబడి నాడు చేప తగ్గిందో, ఏడుకొండలూ, నువ్వు వేరే చెరువు చూసుకో. తర్వాత నన్నని లాభం లేదు."

బండి వెళ్లిపోయింది. తప్పు నాది, మాట టీచరు గారిది, పణం మాత్రం ఏడుకొండలు ఉద్యోగం. ఆ సంగతి నేనంటే, "ఈ పని చేసే మనిషికి ఇంకో చెరువు దొరుకుద్దండి" అని నీళ్లలోకి దిగిపోయాడు.

ఒంటిగంట నుంచి మూడున్నర దాకా రీలు విప్పాం. ఏడుకొండలు నడుముల్లోతు నీళ్లలో ముడులు విప్పుతుంటే, టీచరు గారు గట్టు మీంచి లాగుతుంటే, నేను తాటిమట్ట ముక్కకి చుట్టాను. లూజైన క్యాసెట్‌ని పెన్సిల్ పెట్టి తిప్పడం ఇరవై ఏళ్లు చేసిన చెయ్యి. ఇంత పొడుగు రీలు చుట్టడం ఇదే మొదలు. ముడి రాని చోట కత్తిరించాను, ముక్కలు కూడా ఏరించాను. ఒక్క ముక్క నీళ్లలో వదిలినా అది మాయదు, కుళ్లదు, ఎక్కడికో పోయి ఏ కాలికో చుట్టుకుంటుంది. ఆ మాట రెండుసార్లు కాదు, ఇరవైసార్లు చెప్పి ఉంటాను. "తెలిసిందండీ, తెలిసింది" అని ఏడుకొండలు విసుక్కున్నాడు.

మూల దగ్గర డెక్కలో ఏదో కదిలింది. గూడబాతు పిల్ల. ఒక రెక్క ఒంటికి అతుక్కుపోయి ఉంది. పొద్దున్నే దిగి ఉండాలి. ఏడుకొండలు తన తువ్వాలు దాని తలమీద వేసి రెండు చేతులా పట్టుకున్నాడు. నీచు వాసన గుప్పుమంది. నేను కత్తెర తీశాను. అతుకు వేసేటప్పుడు వెంట్రుకవాసి తేడా రానివ్వని చేతులివి. రెక్క కింద ఒక చుట్టు, కాలికి మూడు, మళ్లీ రెక్కకి నాలుగు. ముక్కు కింద సంచి నా మణికట్టుకి తగిలింది. పల్చగా, వెచ్చగా ఉంది. ఆఖరి చుట్టు తెగగానే అది నా చెయ్యి మీద గట్టిగా ఒక దెబ్బ వేసింది. ఆ దెబ్బకి నేనేమీ అనుకోలేదు. వెయ్యకపోతేనే భయపడేవాణ్ణి.

నీళ్లలో వదిలాం. తేలింది. రెక్క కొంచెం విప్పింది, ముడిచింది. పరుగెత్తలేదు. "రేపో ఎల్లుండో చూద్దాం" అన్నారు కరుణమ్మ గారు. కాలి మీద రీలు కోసిన గాడి మా ముగ్గురికీ కనిపించింది.

దోనె ఎక్కుతుండగా తూర్పు గట్టు మీంచి ఇంకోటి, పూర్తిగా ఆరోగ్యంగా ఉన్నది, నీళ్లలోకి జారింది. ఇందాకటిదాకా రీలు ఉన్న చోటే. ఒక్క క్షణం చూసి పరుగు మొదలెట్టింది. టపటపటపమని రెక్కలు, నీటి మీద రెండు కాళ్లూ కలిపి గెంతులు. లేచింది. లేచి తిన్నగా పడమటి వైపు పోతోంది. అక్కడ రీలు ఉంది. నేను "ఓయ్! ఓయ్!" అని అరిచాను, దానికి తెలుగు వచ్చినట్టు. ఏడుకొండలు డబ్బా తీసి దడదడా బాదాడు. పక్షి ఒక పక్కకి ఒరిగి, పైకి లేచి, రీలుకి బెత్తెడు ఎత్తున దాటిపోయింది. టీచరు గారు గట్టు మీద అలాగే కూర్చుండిపోయి, కొంగుతో ముఖం కప్పుకున్నారు. పది రోజులు, మూడు పక్కలు, ఇంకా ఎన్ని పిల్లలు! లెక్క పెట్టడానికి ధైర్యం చాల్లేదు.

సాయంత్రం అయిదున్నరకి ఆకివీడులో తిరుగు ప్యాసింజరు. రెండు గోతాలూ కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. ఒంటినిండా బురద, నీచు వాసన. నా పక్కకి ఎవరూ రాలేదు, అదొక సుఖం. వెళ్లదలుచుకున్నవారికి నాలుగు మాటలు. చలికాలం చివర వెళ్లండి. టోపీ, నీళ్లు, పాత బట్టలు ఉండాలి. గట్ల మీద గట్టిగా మాట్లాడకండి. పరజ వండిపెడతామంటే కూర్చోకండి. అన్నిటికన్నా ముందు, జేబులో ఒక చిన్న కత్తెర పెట్టుకోండి. మిగతావి లేకపోయినా సర్దుకోవచ్చు.

ఉండిలో ఎక్కినాయన, చూడ్డానికి చెరువు రైతులాగే ఉన్నాడు, గోతం మూతిలోంచి తొంగి చూస్తున్న రీలు చూసి వాసన కూడా లెక్కచెయ్యక దగ్గరకొచ్చాడు. "ఎక్కడిదండీ? మాకిస్తారా? కొంగలు చంపేస్తున్నాయండి" అన్నాడు. ఇవ్వనన్నాను. ఎందుకో చెప్పాను. నా తప్పు, పిల్ల కాలి గాడి, అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, "అయినా తుపాకీ కన్నా నయమే కదండీ" అన్నాడు.

నా మాటే. అక్షరం పొల్లుపోకుండా. భీమవరంలో ఆయన దిగిపోయేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కొవ్వూరులో ఒక పెద్దావిడ ఎక్కింది, బంధువుల ఇంట్లో శుభకార్యం నుంచి వస్తోందట. బండి బ్రిడ్జి ఎక్కగానే కొంగుముడి విప్పి బిళ్ల తీసింది, నాకూ ఒకటి ఇచ్చింది. "వేసి దణ్ణం పెట్టుకోండి బాబూ, అలిసిపోయినట్టున్నారు." వేశాను. ఈసారి ఏం కోరుకోవాలో తెలుసు. ఆవిడ నా కాళ్ల దగ్గరి గోతాలు చూసింది. తలుపులోంచి గోదావరి గాలి కొడుతోంది. బయటికి జారిన రీలు కొస ఒకటి గుయ్యిమని సన్నగా మోగుతోంది.

"ఇంట్లో అక్కర్లేని సామానాండీ? ఊరంతా మోసుకెళ్లడం ఎందుకూ, గోదారమ్మలో వదిలెయ్యండి. ఆ తల్లి అన్నీ తనలో కలిపేసుకుంటుంది."

"ఇది కలవదమ్మా" అన్నాను.

"గోదారిలో కలవనిది ఏముంటుంది నాయనా?"

గోతం మూతి బిగించి కట్టాను. మోగుతున్న కొసని లోపలికి తోసి, పైన అరచెయ్యి అదిమి పెట్టాను. బ్రిడ్జి దాటేదాకా తియ్యలేదు.